స్పెర్మ్ కౌంట్ తక్కువ వచ్చింది. డెన్మార్క్ డాక్టర్ స్కాకెబెక్ పరిశోధన నాకు వర్తిస్తుందా?

కొత్తపేట_32 అడిగారు:

అందరికీ నమస్తే. పెళ్లయి మూడేళ్లు దాటింది, పిల్లలు లేరు. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా "ఏమైనా విశేషమా?" అని మా ఆవిడనే అడుగుతారు, నన్ను ఒక్కరూ అడగరు. ఆమెకి స్కానింగులు, ట్యూబ్ టెస్టు, రక్త పరీక్షలు అన్నీ అయ్యి, బాగానే ఉన్నాయని తేలాక అప్పుడు నన్ను వీర్య పరీక్ష చేయించుకోమన్నారు. మి.లీ.కి 40 లక్షలు వచ్చింది. రెండు నెలలాగి మళ్లీ చేయిస్తే 46 లక్షలు. కోటీ 60 లక్షలకు పైన ఉండాలని రిపోర్టులోనే ఉంది. హార్మోన్ పరీక్షల్లో, వృషణాల్ని పనిచేయించడానికి పిట్యూటరీ గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ 14.2 (పక్కన ఎక్కువ అని గుర్తు పెట్టారు), ఎల్‌హెచ్ 8, ఇంకా మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 310. సిగరెట్ లేదు, మందు ఎప్పుడో ఒకసారి. చిన్నప్పుడు ఒకవైపు బీజం కిందికి దిగలేదని ఆపరేషన్ చేశారట, అది తప్ప పెద్ద జబ్బేమీ లేదు.

రాత్రిళ్లు నిద్ర పట్టక చదువుతుంటే, ప్రపంచంలో మగాళ్ల కౌంట్ సగానికి పడిపోయిందని డెన్మార్క్‌లో స్కాకెబెక్ అనే డాక్టర్ చెప్పారని కనపడింది. ప్లాస్టిక్, పురుగుమందులు అంటున్నారు. అది నిజమేనా, నాకూ అదే జరిగిందా? ఇంకోటి, జిమ్‌లో కోచ్ "టెస్టోస్టెరాన్ తక్కువుంది కాబట్టే ఇదంతా, వారానికో ఇంజెక్షన్ వేసుకో, మూడు నెలల్లో సెట్ అవుతుంది" అంటున్నాడు. వేసుకోవచ్చా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

—

హార్మోన్_పాఠాలు (ఎండోక్రైనాలజీలో పరిశోధన చేశాను) జవాబు:

తమ్ముడూ, నీ పోస్టులో నా కళ్లు ఆగింది కౌంట్ దగ్గర కాదు, చివర్లో "అది తప్ప" అని రాసిన ఆపరేషన్ దగ్గర. స్కాకెబెక్ పని మొత్తంలో నీకు నిజంగా సంబంధించినది అదే.

ముందు ఆ "సగానికి పడిపోయింది" సంగతి. 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎలిజబెత్ కార్ల్‌సన్, స్కాకెబెక్, మరో ఇద్దరు కలిసి రాసిన వ్యాసం అది. అంతకుముందు అచ్చయిన 61 అధ్యయనాల్లోని 14,947 మంది లెక్కలు తీసి చూస్తే, సగటు 1940లో మి.లీ.కి 11.3 కోట్లు ఉన్నది 1990కి 6.6 కోట్లకు వచ్చింది. దాని మీద చాలా గొడవ జరిగింది. పాత లెక్కల్లో ఎక్కువ భాగం అమెరికావే, ల్యాబుల పద్ధతులు వేరు, ఎవరిని ఎంచుకున్నారన్నది వేరు అని విమర్శించారు, ఆ విమర్శల్లో బలం ఉంది. ఆయన బృందం వాదించుకుంటూ కూర్చోలేదు. డెన్మార్క్‌లో కుర్రాళ్లందరూ సైన్యం కోసం వైద్య పరీక్షకు రావాలి కదా, 1996 నుంచి వాళ్లలో ఒప్పుకున్నవాళ్ల దగ్గర ఏటా ఒకే పద్ధతిలో నమూనాలు తీసుకోవడం మొదలుపెట్టారు. పదిహేనేళ్లు, దాదాపు ఐదు వేల మంది. అందులో కౌంట్ ఇంకా పడిపోలేదు, కాస్త పెరిగింది కూడా, ఆ మాట వాళ్లే అచ్చు వేశారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. కానీ ఆ కుర్రాళ్లలో చాలామంది కౌంట్ ఉండాల్సినంత లేదన్నది మాత్రం అలాగే నిలిచింది.

2017లో హగాయ్ లెవీన్ బృందం 185 అధ్యయనాలు కలిపి చూస్తే పాశ్చాత్య దేశాల మగవాళ్లలో 1973, 2011 మధ్య వీర్యకణాల సాంద్రత (మి.లీ.కి ఎన్ని ఉన్నాయన్నది) 52 శాతం పడింది. అంటే తగ్గుదలను కొట్టిపారేయలేం. అయితే ఇవన్నీ జనం మొత్తానికి సంబంధించిన సగటు, నీ ఒక్కడి కౌంట్ ఎందుకు తగ్గిందో ఆ సగటు చెప్పదు.

ఇప్పుడు అసలు విషయం. ఆయన పేరు బయటికొచ్చింది 1992లో కాదు, 1972లో. పిల్లలు పుట్టని మగవాళ్ల వృషణాల నుంచి తీసిన చిన్న ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూస్తుంటే తేడాగా ఉన్న కణాలు కనపడ్డాయి, అలాంటి కణాలున్నవాళ్లకి తర్వాత వృషణ క్యాన్సర్ వచ్చింది. సంతానలేమికీ ఆ క్యాన్సర్‌కీ మూలం ఒకటేనేమో అని అక్కడ అనుమానం మొదలైంది. 2001లో దానికి ఒక రూపం ఇచ్చారు: కౌంట్ తక్కువ ఉండటం, వృషణం కిందికి దిగకపోవడం, మూత్ర రంధ్రం ఉండాల్సిన చోట కాకుండా కింద ఉండటం, వృషణ క్యాన్సర్, ఈ నాలుగూ తల్లి కడుపులో ఉన్నప్పుడే వృషణం సరిగ్గా తయారుకాకపోవడం వల్ల రావచ్చు అని. రసాయనాల మాట కూడా అక్కడే వస్తుంది, పిండం దశలో హార్మోన్ల పనికి అడ్డుపడే వాటి గురించి. అది ఇంకా సిద్ధాంతమే, ప్రతి ఒక్కరి విషయంలో రుజువైంది కాదు.

నీ ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువ ఉండటం కూడా దీనికి సరిపోతుంది. వీర్యకణాల్ని పెంచే సెర్టోలి కణాలు ఇన్‌హిబిన్ బి అనే హార్మోన్ వదులుతాయి, అది "చాలు" అని మెదడుకి చెబుతుంది. ఆ కబురు సరిగ్గా అందకపోతే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంకా ఇంకా పంపిస్తుంది. అంటే నీ మెదడు గట్టిగానే అడుగుతోంది, వృషణం అంత ఇవ్వలేకపోతోంది. నిన్నటి తిండి వల్లో లాప్‌టాప్ వల్లో వచ్చింది కాదు ఇది, నీ తప్పు అసలే కాదు.

ఆపరేషన్ ఏ వయసులో అయిందో అమ్మని అడుగు. ఇప్పుడైతే ఏడాదిన్నర లోపే చేయమంటారు. ఆ వివరం డాక్టర్‌కి చెప్పి వృషణాల అల్ట్రాసౌండ్ చేయించు, నెలకోసారి స్నానం చేసేటప్పుడు గట్టిగా గడ్డలాంటిదేమైనా తగులుతుందా చూసుకో. దిగని వృషణం ఉన్నవాళ్లకి క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ, అయినా మొత్తం మీద అరుదే, ముందే పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది.

—

ల్యాబ్_రమణ (బెజవాడ) జవాబు:

అన్నా, ఆ ఇంజెక్షన్ మాత్రం వద్దు, దండం పెట్టి చెప్తున్నా. పదకొండేళ్లుగా వీర్య పరీక్షలు చూస్తున్నాను, జిమ్ ఇంజెక్షన్లు వేసుకుని వచ్చిన కుర్రాళ్ల స్లైడు మీద ఒక్క కణం కూడా కనపడని రోజులున్నాయి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే మెదడు సరిపడా ఉందనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆపేస్తుంది. వృషణం లోపల టెస్టోస్టెరాన్ రక్తంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువుండాలి, అప్పుడే కణాలు తయారవుతాయి. ఇంజెక్షన్‌తో రక్తంలో పెరుగుతుంది, లోపల పడిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే మందుని మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించింది, 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 271 మందికి వారం వారం 200 మి.గ్రా. ఇస్తే ఆరు నెలల్లో 157 మందికి కౌంట్ సున్నా. ఆ తర్వాత ఏడాది పాటు ఇంకే జాగ్రత్తా లేకుండా కాపురం చేసినా ఒక్క గర్భమే వచ్చింది. పిల్లలు పుట్టకుండా వాడి చూసిన మందుని పిల్లల కోసం వేసుకోమంటున్నాడు మీ కోచ్. ఆపేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది, కానీ నీకున్నదే 40 లక్షలు.

ఇంకొకటి, 50 లక్షల లోపు ఉన్నప్పుడు వై క్రోమోజోమ్ పరీక్ష, కార్యోటైప్ (క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) అడగండి. వై క్రోమోజోమ్‌లో కొంత ముక్క లేకపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే లాల్జీ సింగ్, తంగరాజ్ గార్ల బృందం భారతీయ మగవాళ్లలో దీని మీద పనిచేసింది. అలాంటి లోపం ఉంటే పుట్టే కొడుక్కి కూడా వెళ్తుంది కాబట్టి ఐవీఎఫ్‌కి ముందే తెలియాలి.

—

శారద_జి జవాబు:

బాబూ, సైన్సు వాళ్లిద్దరూ చెప్పారు, నేను ఇంకోటి చెప్తాను. మాకు ఆరేళ్లు పిల్లల్లేరు. నాలుగేళ్లు నాకే పరీక్షలు, నాకే మందులు, నాకే పూజలు. మా అత్తగారు నలుగురిలో గొడ్రాలు అన్న రోజు మా ఆయన పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. తర్వాత ఆయనకి టెస్టు చేస్తే కౌంట్ నీకన్నా తక్కువ. పిల్లాడు ఇక్సీతో (ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి) పుట్టాడు, ఇప్పుడు ఐదో తరగతి. అయినా ఆ మాట నాలో ఇంకా ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నావు, నీ భార్యకి చెప్పావా? చెప్పకపోతే ఈరోజే చెప్పు. ఈసారి ఎవరైనా విశేషమా అని అడిగితే ఆ అమ్మాయి కాదు, నువ్వు జవాబివ్వు.

—

కొత్తపేట_32 జవాబు:

అందరికీ ధన్యవాదాలు. శారద గారూ, నిన్న రాత్రి రిపోర్టులు రెండూ తన చేతికిచ్చాను. కాసేపు ఏడ్చింది, తర్వాత "నాకు ముందే ఎందుకు చెప్పలేదు" అని ఒక్కటే అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

అమ్మకి ఫోన్ చేశాను, ఆపరేషన్ తొమ్మిదో ఏట అయిందట. ఊళ్లో "పెద్దయ్యాక అదే దిగుతుంది" అంటే ఆగారట. వేరే డాక్టర్ దగ్గరికి సోమవారం వెళ్తున్నాం, ఇద్దరం. అల్ట్రాసౌండ్, వై క్రోమోజోమ్ పరీక్ష రెండూ అడుగుతాను. ఇంజెక్షన్ వద్దని కోచ్‌కి చెప్పేశాను. మా అక్క కొడుక్కి ఎనిమిది నెలలు, వాడికి కూడా ఒకవైపు దిగలేదని మొన్న టీకాకి వెళ్లినప్పుడు చెప్పారట, అక్క చూద్దాంలే అంటోంది. ఇంకా ఆగాలా, ఇప్పుడే చూపించాలా?

—

హార్మోన్_పాఠాలు జవాబు:

ఇప్పుడే. ఆరు నెలల లోపైతే దానంతట అదే దిగే అవకాశం ఉంటుంది, ఆ తర్వాత చాలా తక్కువ. ఈ వారమే పిల్లల సర్జన్‌కి చూపించమని అక్కకి చెప్పు, నీ రిపోర్టులు కూడా చూపించు.