కష్టం ఎక్కువున్న వాడల నుంచి వచ్చే సభ్యులకు సమావేశానికి ఇంతని డబ్బివ్వాలా?

వేపనీడ:
నేను ఒక నివారణ కూటమికి కోఆర్డినేటర్‌ని. పిల్లలు పొగాకు, మద్యం, మత్తుమందుల జోలికి పోకుండా చూడటం మా పని. బడి, ఆసుపత్రి, పోలీసు, యువజన సంఘాలు, వ్యాపారులు, ప్రార్థనా మందిరాలవాళ్లు అందరూ సభ్యులే. సమస్య ఎక్కడ ముదిరిందో ఆ వాడల నుంచి మాత్రం ఒక్కరూ నిలవడం లేదు. ఒకటి రెండు సమావేశాలకు వస్తారు, తర్వాత కనబడరు. అందుకని వాళ్లకు హాజరు భత్యం, దారి ఖర్చులు ఇద్దామని, సమావేశం జరిగేంతసేపు పిల్లల్ని చూసుకునే మనిషిని పెడదామని ప్రతిపాదించాం. కమిటీ రెండుగా చీలిపోయింది. వచ్చే నెల ఓటింగ్. ఇలాంటి కమిటీల్లో పనిచేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

లెక్కలమాస్టారు:
వద్దు. నేనూ ఇలాంటి ఒక కూటమికి కోశాధికారిని, కాబట్టి లెక్క తెలిసే చెబుతున్నాను. సేవ అనుకుని వచ్చే చోట కవరు పెట్టడం మొదలైతే, ఎవరు వాడ కోసం వచ్చారో ఎవరు కవరు కోసం వచ్చారో ఇక తేలదు. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే గొడవ, అందరికీ ఇస్తే గ్రాంటు చాలదు. పైగా ఏ పద్దు కింద రాస్తారు? జీతమా, కూలీనా, బహుమతా? ఆడిట్‌కి వచ్చినవాడు రసీదు అడుగుతాడు. మనిషి వచ్చి రెండు గంటలు కూర్చున్నాడనడానికి రసీదు ఎవరిస్తారు?

సందేహాలరావు:
హాజరు పట్టీలో సంతకం ఉంటుంది కదండీ?

లెక్కలమాస్టారు:
సంతకం హాజరుకి, రసీదు డబ్బుకి. రెండూ ఒకటి కాదు.

రాత్రిడ్యూటీ:
వేపనీడ గారూ, మీరు అంటున్న ఆ "కనబడకుండా పోయినవాళ్ల"లో నేనూ ఒకదాన్ని. మీ కూటమి కాదులెండి, వేరేది. రాత్రిపూట ఆసుపత్రిలో పని చేస్తాను. పొద్దున ఏడింటికి దిగుతాను. సమావేశం పదకొండింటికి. ఇంటికెళ్లి పడుకుంటే లేవలేను, పడుకోకపోతే అక్కడ కూర్చుని తూగుతాను. ఆ బల్ల చుట్టూ ఉన్న డాక్టరు గారికి, బడి పెద్దకి, పోలీసు అధికారికి ఆ రెండు గంటలూ డ్యూటీయే, జీతం పడుతుంది. పైసా రాకుండా కూర్చున్నది నేనొక్కదాన్నే. మాస్టారు గారి దృష్టిలో వాళ్లు సేవకి వచ్చినట్టు, నేను కవరు కోసం వచ్చినట్టు!

ఇంకో మాట. అందరి ముందూ పేరు అట్టలు పెట్టారు. పేరు, కింద హోదా, దాని కింద సంస్థ. నా అట్ట మీద పేరు రాసి కింద "నివాసి" అని పెట్టారు. మిగతావాళ్లు ఎక్కడా నివసించరు కాబోలు.

పాతకాపు:
అట్ట అయినా పెట్టారు, సంతోషించమ్మా. నేను ఏళ్ల తరబడి సొంత బండి మీద, సొంత పెట్రోలుతో తిరిగి పోస్టర్లు అంటించాను. ఏనాడూ ఎవరినీ ఒక్క రూపాయి అడగలేదు. వార్షిక నివేదికలో వాలంటీర్ల పేర్లు వేస్తే అందులో నా పేరే లేదు. అడిగితే "చోటు చాల్లేదు" అన్నారు. వ్యాపార సంఘం లోగోకి మాత్రం సగం పేజీ దొరికింది. కాబట్టి డబ్బు సంగతి తర్వాత, ముందు గుర్తింపు ఇవ్వండి.

వేపనీడ:
పాతకాపు గారూ, మీ బాధ న్యాయమే, కానీ ప్రశ్న అది కాదండీ.

పాతకాపు:
మీకు కాకపోవచ్చు.

జిల్లేడు:
ప్రజారోగ్యం చదివినవాడిని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. "సేవకి డబ్బేమిటి" అనేవాళ్లు ఒకటి చూడాలి. అమెరికాలో 1997 నాటి చట్టం కింద ఇలాంటి నివారణ కూటములకు "డ్రగ్ ఫ్రీ కమ్యూనిటీస్" అనే గ్రాంటు ఇస్తారు. ఏడాదికి గరిష్ఠంగా 1,25,000 డాలర్లు. కూటమిలో 12 రంగాల ప్రతినిధులు ఉండాలి: యువత, తల్లిదండ్రులు, వ్యాపారులు, మీడియా, బడి, పోలీసు, వైద్యం, ప్రార్థనా సంస్థలు, ఇలా. అయితే ప్రభుత్వం ఎంత ఇస్తే కూటమి కూడా తన వంతుగా అంత చూపించాలి. ఏడో ఏడు నుంచి 125 శాతం, తొమ్మిదో ఏడు నుంచి 150 శాతం. అందులో వాలంటీర్ల గంటలకు కట్టిన విలువనూ కలపొచ్చు.

అంటే ఏమైంది? రాత్రిడ్యూటీ గారిలాంటి మనిషి వచ్చి కూర్చున్న రెండు గంటలకు ధర ఉంది. పుస్తకంలో ఆ ధర రాసుకోవచ్చు, గ్రాంటు తెచ్చుకోవచ్చు. ఆ మనిషి చేతిలో పెట్టమంటేనే అది "సేవ" అయిపోతుంది. పైగా వంతు చూపించడం డబ్బున్న ఊరికి సులువు, లేని ఊరికి కష్టం. అవసరం ఎక్కువున్న చోటే గ్రాంటు అందుకోవడం కష్టమవుతుంది. బ్రిటన్‌లో డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే అన్నాడు, మంచి వైద్యం అవసరం ఎక్కువున్న చోట తక్కువగా దొరుకుతుందని. నివారణకూ అదే వర్తిస్తోంది.

ఇక ఆ 12 రంగాలు ఇంకోసారి చదవండి. "సమస్య ఎవరి నెత్తిన ఎక్కువ పడిందో వాళ్లు" అనే రంగం అందులో లేదు.

లెక్కలమాస్టారు:
జిల్లేడు గారు మనల్ని అమెరికా తిప్పి తెచ్చారు, సంతోషం. పుస్తకంలో విలువ రాయడం వేరు, చెక్కు రాయడం వేరు. మొదటిదానికి గంటల పట్టీ చాలు. రెండోదానికి వోచర్, బ్యాంకు ఖాతా, పన్ను లెక్క కావాలి. మీరెవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటి. ప్రభుత్వ సహాయం మీద బతికేవాళ్లకు ఈ భత్యం ఆదాయం కింద లెక్కకొస్తే? సాయం చేయబోయి ఆ కుటుంబానికి వస్తున్నది ఆపించినవాళ్లమవుతాం. పూచీ ఎవరిది? మళ్లీ అడుగుతున్నాను, రసీదు ఎవరిస్తారు?

జిల్లేడు:
ఆదాయం సంగతి మంచి ప్రశ్న, అది రసీదు కన్నా చాలా పెద్దది. బ్రిటన్‌లో ఆరోగ్య పరిశోధనల్లో పాలుపంచుకునే మామూలు జనానికి డబ్బిచ్చే పద్ధతి ఉంది. ఇచ్చే ముందే మీ సహాయం మీద దీని ప్రభావం ఉండొచ్చు, సలహా తీసుకోండి అని చెబుతారు. వద్దనుకునేవాళ్లు వద్దనొచ్చు. ముందే చెప్పి, నిర్ణయం వాళ్లకు వదిలేయడమే దారి. వాళ్ల మంచి కోసమని మనమే అసలు ఇవ్వకపోవడం కాదు.

సందేహాలరావు:
పిల్లల్ని చూసుకునే మనిషిని పెడితే అది ఎవరికీ ఆదాయం కాదుగా? దానికేం అభ్యంతరం?

లెక్కలమాస్టారు:
అందులో బాధ్యత సమస్య ఉంది. పిల్లాడు పడి దెబ్బ తగిలితే?

రాత్రిడ్యూటీ:
అబ్బ! రసీదు, వోచర్, పిల్లాడు పడతాడు. మాస్టారూ, మీ కూటమి వాల్ పోస్టర్లు అచ్చేయించినప్పుడు ఇన్ని ప్రశ్నలు వేశారా? హోటల్లో రెండు రోజుల శిక్షణ పెట్టినప్పుడు? వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. మాకు పంక్తిలో చోటిచ్చారు గానీ వడ్డించేవాడెవరూ మావాడు కాదు.

నేనెందుకు మానేశానో చెబుతాను వినండి. డబ్బుల్లేక కాదు. మా వీధి మలుపు నుంచి బడి దాకా నడిస్తే సిగరెట్లు, మందు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. పిల్లల కళ్ల ఎత్తులో ప్రకటనలు, విడిగా ఒక్కో సిగరెట్ అమ్మకం. సమావేశంలో లేచి చెప్పాను: లైసెన్సులు తగ్గించమని అడుగుదాం, బడి దగ్గర అమ్మకుండా చూద్దాం. అందరూ తలూపారు. చాలా మంచి పాయింట్ అన్నారు. తర్వాత మినిట్స్ వచ్చాయి. అందులో నా మాటలకు దక్కింది ఒకే వాక్యం: "నివాసుల నుంచి కొన్ని సూచనలు వచ్చాయి." దాని కింద తీర్మానం: బడిలో పన్నెండు పాఠాల కార్యక్రమం, కరపత్రాలు. ఆ తీర్మానం నేను గదిలోకి రాకముందే టైపు చేసి ఉంది. కాపీ నా చేతికిచ్చిందే సమావేశం మొదట్లో.

ఇప్పుడు చెప్పండి, నాకు భత్యమిస్తే ఏం మారుతుంది? డబ్బు తీసుకుని తలూపుతాను. అంతేగా?

నిర్వాహకుడు:
వ్యక్తిగత విమర్శలు తగ్గించండి. రెండు వ్యాఖ్యలు తీసేశాను.

పాతకాపు:
తీసేసినవాటిలో నాది కూడా ఉంది. అందులో తప్పేముందో చెప్పండి.

లెక్కలమాస్టారు:
సరే, మర్యాదగానే చెబుతాను, దాచుకోవడానికేం లేదు. లైసెన్సుల జోలికెళితే వ్యాపారులు లేచిపోతారు. వాళ్ల వెనక ఇద్దరు ముగ్గురు రాజకీయ నాయకులు పోతారు. నాకు తెలిసిన ఒక కూటమి సరిగ్గా ఇలాగే ఏడాదిలో మూతపడింది. కొట్లూ మూతపడలేదు, పాఠాలూ జరగలేదు. కూటమి అంటే అందరూ బల్ల దగ్గర ఉండటమే. ఒకరి కోసం ఇంకొకరిని పోగొట్టుకోలేం.

రెండోది. మా సర్వేలో మందు మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆ వాడలవాళ్లు కాదు. కాస్త ఉన్నవాళ్ల పిల్లలే. సంఖ్య అటుంది. ఉన్న కాస్త డబ్బునీ నాలుగు వాడల మీద పెడితే మిగతా ఊరి పిల్లల్ని ఏం చేద్దాం? సమానత్వం మంచిదే, కానీ నివారణ అంటే మొత్తం సంఖ్య తగ్గించడం.

జిల్లేడు:
ఇన్నాళ్లకు అసలు విషయానికొచ్చాం. మీరు చెప్పింది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బ్రిటన్ ప్రజారోగ్య నిపుణుడు జెఫ్రీ రోజ్ 1985లో రాసిందీ ఇలాంటిదే: ప్రమాదం బాగా ఎక్కువున్న కొద్దిమంది కన్నా, ప్రమాదం కొద్దిగానే ఉన్న ఎక్కువమంది నుంచే జబ్బులు ఎక్కువ వస్తాయి, కాబట్టి మొత్తం జనాన్ని చూడు అని. అయితే అందరికీ ఒకేలా ఇచ్చే కార్యక్రమం అందరికీ ఒకేలా చేరదు. బ్రెజిల్ గణాంకాలు చూసి విక్టోరా అనే పరిశోధకుడి బృందం 2000లో చెప్పింది అదే. కొత్త ఆరోగ్య కార్యక్రమాన్ని ముందు అందుకునేది బాగున్నవాళ్లే, అంతరం మొదట పెరుగుతుంది, పేదలకు చేరాకే తగ్గడం మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో ఆరోగ్య అసమానతల మీద వచ్చిన మార్మట్ నివేదిక 2010లో మధ్యేమార్గం చెప్పింది: పని అందరికీ చెయ్యి, అవసరాన్ని బట్టి మోతాదు పెంచు. నాలుగు వాడలకే పెట్టమని ఎవరూ అడగడం లేదు.

ఇంకో సంగతి. పొగాకు విషయంలో పేదలకు, ఉన్నవాళ్లకు మధ్య తేడా తగ్గించేదేదని చూస్తే ఎక్కువ ఆధారం దొరికేది ధర పెంచడానికి. కరపత్రాలకు కాదు. రాత్రిడ్యూటీ గారు అడిగింది కొట్ల సంగతి, ధర కాదు, నిజమే. కానీ ఆవిడ వేలు చూపిన దిక్కు అదే: పిల్లాడి బుర్రలో కాకుండా పిల్లాడి చుట్టూ ఏముందో మార్చడం.

రాత్రిడ్యూటీ:
సర్వే ఎక్కడ చేశారు మాస్టారూ?

లెక్కలమాస్టారు:
బళ్లలో. ఇంకెక్కడ చేస్తారు? అన్ని బళ్లలోనూ, పేర్లు లేకుండా, పద్ధతి ప్రకారం.

రాత్రిడ్యూటీ:
మా వాడలో మందు మొదలుపెట్టిన పిల్లల్లో సగం మంది బడి మానేసినవాళ్లే. వాళ్లు మీ కాగితం మీద లేరు. మిగిలినవాళ్లలో ఆ రోజు బడికి ఎంతమంది వచ్చారో చూశారా? ఆ ప్రశ్నపత్రం ఇంట్లో మాట్లాడే భాషలో ఉందా? సర్వే ఎలా చెయ్యాలో నిర్ణయించినప్పుడు నేను ఆ గదిలో ఉండుంటే ఈ మాట అప్పుడే చెప్పేదాన్ని. పిలిచింది లెక్క తేలాక.

సందేహాలరావు:
ఈ పాయింటుకి మాస్టారు గారు జవాబివ్వాలి.

లెక్కలమాస్టారు:
బడి మానేసినవాళ్లను సర్వే చెయ్యడం ఖర్చుతో కూడిన పని. ఏ కూటమీ చెయ్యదు. ఉన్న లెక్కతో పని చేయాలి గానీ లేని లెక్కతో కాదు.

రాత్రిడ్యూటీ:
లేని లెక్క కాదు. తియ్యని లెక్క.

వేపనీడ:
ఇంతదూరం వచ్చాక నా ప్రతిపాదనలో సగమే ఉందని అర్థమవుతోంది. అజెండాలో రెండు అంశాలు వేరువేరుగా పెడతాను. ఒకటి భత్యం, దారి ఖర్చులు, పిల్లల్ని చూసుకునే మనిషి. రెండోది, ఆ వాడల సభ్యులతో ఒక ఉపసంఘం: సర్వే ప్రశ్నలు, బడ్జెట్‌లో ఒక భాగం వాళ్ల ఓటు లేకుండా ఖరారు కాకూడదు. ఎంత భాగం అన్నది సమావేశంలో తేలుద్దాం.

లెక్కలమాస్టారు:
నేను ఓటరునైతే రెండింటికీ వద్దనే వేస్తాను. నిజం చెప్పాలంటే మొదటిదానికి రసీదు దొరికితే ఆలోచిస్తాను. రెండోదానికి ససేమిరా. గ్రాంటు మీద సంతకం పెట్టేది కూటమి. తేడా వస్తే జవాబు చెప్పుకునేదీ కూటమే. జవాబుదారీ లేని చోట ఓటు ఎలా ఇస్తారు?

జిల్లేడు:
జవాబుదారీ సంతకం పెట్టినవాడిదేనా, ఫలితం అనుభవించేవాడిది కాదా? ఈ ఒక్క ముక్క మీద ఇంకో చర్చ పెట్టొచ్చు.

రాత్రిడ్యూటీ:
వేపనీడ గారూ, వరస మార్చండి. రెండోది ముందు పెట్టండి. మొదటిది ముందు గెలిస్తే అందరూ చప్పట్లు కొట్టి, రెండోది వచ్చే నెలకి వాయిదా వేస్తారు. అది ఓడిపోతే భత్యం ఉన్నా నాలాంటివాళ్లు రారు.

పాతకాపు:
నేనూ మొదట్నుంచీ చెబుతోంది అదే, డబ్బు వద్దని.

రాత్రిడ్యూటీ:
నేను డబ్బు వద్దనలేదండీ.

వేపనీడ:
వరస మారుస్తున్నాను. ముసాయిదా శుక్రవారం ఇక్కడే పెడతాను, మీ సవరణలు రాయండి. బడి మానేసిన పిల్లల్ని కలుపుకుని సర్వే చేసిన కూటమి ఎవరిదైనా ఉంటే, ఎలా చేశారో దయచేసి రాయండి.