బేస్‌బాల్ తెలుసు, క్రికెట్ తెలియదు: ఎక్కడ టెన్షన్ పడాలో చెప్పండి

తొమ్మిదో ఇన్నింగ్స్:

బేస్‌బాల్ ఏళ్ల తరబడి చూస్తున్నాను. బేసులన్నీ నిండి, మూడు బాల్స్ రెండు స్ట్రైక్స్ మీద, అంటే ఇంకో బంతికే తేలిపోయే చోట, ఆట ఆగితే గోళ్లు కొరుక్కుంటూ కూర్చునే రకం. క్రికెట్ దగ్గరికొచ్చేసరికి ఆ గోళ్లు ఎప్పుడు కొరుక్కోవాలో అర్థం కావట్లేదు. ఓవర్‌కి ఆరు బంతులు, పది వికెట్లు పడితే ఆలౌట్, తాడు దాటితే నాలుగు, గాల్లో దాటితే ఆరు, ఇవన్నీ తెలుసు కాబట్టి దయచేసి అక్కడి నుంచి మొదలుపెట్టకండి. నా గోల వేరే.

బ్యాటర్ శుభ్రంగా బంతిని కొట్టి, పరిగెత్తకుండా అక్కడే నిలబడతాడు, ఎవరూ ఏమీ అనరు. ఇంకొకడు పక్కనుంచి పోతున్న బంతిని బ్యాట్ పైకెత్తి మరీ వదిలేస్తే కామెంటేటర్ ఆహా ఓహో అని మెచ్చుకుంటాడు! మా ఆటలో అలా మూడుసార్లు చూస్తూ నిలబడితే ఇంటికే. బౌలరేమో అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి బంతిని కావాలని నేలకేసి కొడతాడు. అదే పిచర్ (మా బౌలర్) వేసింది ప్లేటు (బ్యాటర్ ముందుండే పలక) ముందు నేలకి తగిలితే వాడికి చెయ్యి కుదరట్లేదని అర్థం. ఇక స్కోరు చూడండి, ఒక జట్టు 160 కొట్టింది, రెండోది ఇంకా మొదలే పెట్టలేదు, మరి ఎవరు గెలుస్తున్నట్టు? ఐదు రోజులు ఆడి చివరికి ఎవరూ గెలవలేదనడం గురించైతే అడగడానికే భయంగా ఉంది.

షార్ట్ లెగ్:

మీ ప్రశ్నల్లో సగానికి ఒకటే జవాబు. బేస్‌బాల్‌లో అవుట్ చవక, పరుగు ఖరీదు. క్రికెట్‌లో పరుగు చవక, అవుట్ ఖరీదు. మీ దగ్గర జట్టుకి 27 అవుట్లు, ఒక్కో హిట్టర్‌కి మ్యాచ్‌లో నాలుగైదు అవకాశాలు, పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాణ్ణి కూడా .300 కొట్టాడని నెత్తిన పెట్టుకుంటారు. ఇక్కడ ఒక ఇన్నింగ్స్‌లో ఒక బ్యాటర్‌కి ఒకటే ప్రాణం. మొదటి బంతికే పోయాడంటే ప్యాడ్లు విప్పేసి మిగతావాళ్లు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి. అందుకే సగటు లెక్క కూడా వేరు, అవుటైన ఒక్కోసారికి ఎన్ని పరుగులు చేశాడన్నదే సగటు. టెస్టుల్లో 50 దాటితే గొప్ప బ్యాటర్ అంటారు. ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్‌ది 99.94, ఇక దాని గురించి మాట్లాడుకోవడం దండగ.

ఇప్పుడు ఆ వదిలేసిన బంతి సంగతి. కొత్త బంతితో టెస్టు మొదలైన అరగంటలో చూడండి: కీపర్ పక్కన ముగ్గురు నలుగురు ఫీల్డర్లు వరసగా వంగి నిలబడి ఉంటారు, వాళ్లే స్లిప్పులు. బౌలర్ ఆఫ్ స్టంప్‌కి (బ్యాటర్ కాళ్లకి దూరంగా ఉండే కర్రకి) జానెడు బయట వేస్తాడు. బ్యాట్ అంచుకి రవ్వంత తగిలిందంటే బంతి నేరుగా వాళ్ల చేతుల్లోకే. మీ దగ్గర అలా అంచుకి తగిలి వెనక్కి పోతే మహా అయితే ఫౌల్ టిప్, రెండు స్ట్రైక్స్ ఇదివరకే పడి ఉంటే తప్ప బతికిపోతాడు. ఇక్కడ ఫౌల్ గీతలే లేవు, చుట్టూ 360 డిగ్రీలూ ఆటే, కాబట్టి వెనక్కి తగిలినా అవుటే. మరి బంతి స్టంపులకి తగలదని తెలిసినప్పుడు దాన్ని ముట్టుకోవడం ఎందుకు? స్ట్రైకుల లెక్క ఎలాగూ లేదు. మీ స్ట్రైక్ జోన్ గాల్లో ఊహించుకునేది, ఇక్కడ నిజంగానే మూడు కర్రలు నేలలో పాతి ఉంటాయి, 28 అంగుళాల ఎత్తు, 9 అంగుళాల వెడల్పు. వాటిని కాపాడుకుంటే చాలు.

వదిలేయడం అంటే బద్ధకం కాదు, బౌలర్‌ని విసిగించడం. నాలుగు ఓవర్లు బయట వేసి వేసి, వీడు ఆడట్లేదని ఐదో ఓవర్లో స్టంపుల మీదికి తెస్తాడు, అప్పుడు బ్యాటర్ లెగ్ సైడ్, అంటే తన కాళ్ల వైపు, అలవోకగా నెట్టి పరుగులు తీసుకుంటాడు. లేదా బౌలరే గెలుస్తాడు: ఐదుసార్లు బయటికి పోయిన బంతి ఆరోసారి లోపలికి తిరుగుతుంది, బ్యాట్ పైకెత్తి నిలబడ్డవాడి స్టంపులు ఎగిరిపోతాయి. గోళ్లు కొరుక్కోవాల్సింది సరిగ్గా అక్కడే. కొట్టి పరిగెత్తకపోవడమూ ఇదే లెక్క, ఫీల్డర్ దగ్గర్లో ఉంటే ఒక్క పరుగు కోసం ప్రాణం మీదికి ఎవరు తెచ్చుకుంటారు?

పాత బంతి:

నేలకేసి కొట్టడం గురించి నేను చెప్తా, నాకు ఇష్టమైన సబ్జెక్ట్.

ముందు ఆ పరుగు ఎందుకో చూడండి. పిచర్ మోచెయ్యి వంచి విసురుతాడు, బౌలర్‌కి ఆ వీలు లేదు. చెయ్యి తిప్పేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకి మించి నిటారుగా సాగితే ఆ బౌలింగ్ చెల్లదు. కాబట్టి వేగం కాళ్ల నుంచీ నడుము నుంచీ తెచ్చుకోవాలి. అవతల బంతి నేలకి తగిలి లేస్తుంది చూశారా, బౌలర్ అసలు ఆయుధం ఆ లేవడమే. పచ్చిక ఉంటే ఒకలా, పగుళ్లు ఉంటే ఒకలా, కుట్టు మీద పడితే ఇంకోలా. గాల్లో ఒకసారి, నేల తాకాక ఒకసారి, దారి రెండుసార్లు మారొచ్చు. గాల్లో వంగే మీ కర్వ్‌బాల్‌కి అయితే ఒక్కటే అవకాశం.

బంతి విషయం ఇంకా మజాగా ఉంటుంది. బేస్‌బాల్‌లో కాస్త మట్టి అంటితే మార్చేస్తారు. 1920లో రే చాప్‌మన్ అనే బేస్‌బాల్ ఆటగాడి తలకి బంతి తగిలి చనిపోయాక, మురికి బంతి సరిగ్గా కనబడదని ఆ పద్ధతి గట్టిగా పట్టుకున్నారు. టెస్టు క్రికెట్‌లో 80 ఓవర్ల దాకా అదే బంతి, మధ్యలో ఎవరైనా స్టాండ్స్‌లోకి కొడితే జనం తిరిగి ఇచ్చేయాలి (సావనీర్ ఆశలు వదులుకోండి). ఫీల్డర్లు బంతిని ప్యాంటుకేసి రుద్దుతూ కనబడతారు కదా, అది ఊసుపోక కాదు. ఒక వైపు నున్నగా మెరుస్తూ, రెండో వైపు గరుకుగా ఉంటే బంతి గాల్లో వంగుతుంది. చెమటతో రుద్దొచ్చు. ఉమ్ముతో రుద్దడాన్ని అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో కోవిడ్ టైమ్‌లో ఆపేసి, 2022లో పూర్తిగా నిషేధించారు. స్పిట్‌బాల్ (ఉమ్ము రాసిన బంతి) గొడవ మీకూ ఉన్నదే కాబట్టి ఇది వెంటనే అర్థమవుతుంది. పాతబడ్డాక స్పిన్నర్ల రాజ్యం. కాబట్టి స్కోరు చూసే ముందు బంతి వయసెంత, పిచ్ ఎన్నో రోజుది అని చూడండి.

తొమ్మిదో ఇన్నింగ్స్:

షార్ట్ లెగ్ గారూ, అవుట్ ఖరీదు అన్న మాటతో చాలా ముడులు విడిపోయాయి, థాంక్స్. కానీ నేను ఎక్కువగా చూసేది టీ20. అక్కడ ప్రతివాడూ రెండో బంతి నుంచే హోమ్ రన్ కోసం ఊపుతున్నాడు. అంత ఖరీదైన ప్రాణాన్ని అలా గాల్లోకి ఎలా విసిరేస్తారు?

డెత్ ఓవర్:

ఎందుకంటే షార్ట్ లెగ్ చెప్పింది టెస్టుకి సరిపోతుంది, టీ20కి సరిపోదు. సారీ బ్రో, నువ్వు టెస్టు పిచ్చోడివి, అంతా అక్కడి నుంచే చూస్తావు.

టీ20లో ఉన్నవి 120 బంతులు, పది వికెట్లు. సగటున 12 బంతులకొక వికెట్ పోయినా కోటా నిండిపోతుంది, ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ కరువు వికెట్లకి కాదు, బంతులకి. జాగ్రత్తగా ఆడి 30 బంతుల్లో 25 చేసి నాటౌట్‌గా మిగిలినవాడు జట్టుని ముంచినట్టే. బేస్‌బాల్ వాళ్లకి టీ20 త్వరగా నచ్చేది కూడా ఇందుకే, రెండూ దగ్గర చుట్టాలు.

ఉదాహరణ కావాలంటే 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా, పాకిస్తాన్ మ్యాచ్ చూడండి. డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో జరిగింది, ఆ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్‌దే! పాకిస్తాన్ 159/7. ఛేదనలో అమెరికాకి చివరి బంతికి 5 కావాలి, ఫోర్ వచ్చింది, 159/3తో టై. ఇక్కడ ఆగి ఆలోచించండి, ఒకరు ఏడు వికెట్లు పోగొట్టుకున్నారు, ఇంకొకరు మూడే, అయినా సమానం. మిగిలిపోయిన ఏడు వికెట్లకి పైసా విలువ లేదు. తర్వాత టై తేల్చడానికి చెరొక ఓవర్ ఆడే సూపర్ ఓవర్‌లో అమెరికా 18, పాకిస్తాన్ 13. ఆ 18లో 7 ఎక్స్‌ట్రాలే, అంటే వైడ్లూ, ఆ వైడ్ల మీద పరిగెత్తినవీ. వైడ్ అంటే మీ ‘బాల్’ లాంటిదే గానీ నాలుగు అయ్యేదాకా ఆగక్కర్లేదు, ప్రతిదానికీ అక్కడికక్కడే ఒక పరుగు, ఆ బంతి మళ్లీ వేయాలి, కీపర్ చేతికి చిక్కకపోతే బ్యాటర్లు పరిగెత్తొచ్చు కూడా.

ఎవరు గెలుస్తున్నారు అంటారా, మొదటి ఇన్నింగ్స్‌లో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, కామెంటేటర్లు చెప్పేది కూడా అంచనాయే. రెండో ఇన్నింగ్స్ మొదలయ్యాక మాత్రం ఇంకా కావాల్సిన రన్ రేట్ ఒక్కటే చూడండి. ఓవర్‌కి ఎనిమిది కావాల్సింది పది అయ్యి, పన్నెండు అయ్యిందంటే బ్యాటర్ మొహంలోనే కనిపిస్తుంది. ఆ దశలో ఒక్క డాట్ బాల్ (పరుగు రాని బంతి) పడినా స్టేడియం మొత్తం మూలుగుతుంది.

షార్ట్ లెగ్:

ఒప్పుకుంటున్నా, టీ20 లెక్క వేరే. కానీ పవర్‌ప్లేలో (మొదటి ఆరు ఓవర్లలో) మూడు వికెట్లు పోనీ, అప్పుడు నీ 120 బంతుల సిద్ధాంతం ఏమవుతుందో చూద్దాం. తర్వాతి ఐదారు ఓవర్లు ఎవడూ బ్యాట్ ఊపడు.

నైట్ వాచ్‌మన్:

డ్రా గురించి ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటా.

టెస్టు గెలవాలంటే ఎక్కువ పరుగులు చేస్తే చాలదు, అవతలి జట్టుని ఆలౌట్ కూడా చేయాలి, అదీ ఐదు రోజుల్లోపు. బేస్‌బాల్‌లో అవుట్లు అయిపోయేదాకా ఆట అయిపోదు, కాబట్టి ఓడిపోతున్నవాడికి గెలవడం తప్ప వేరే దారి లేదు. ఇక్కడ ఓడిపోతున్నవాడు టైమ్‌ని అడ్డం పెట్టుకుని బయటపడొచ్చు. అందుకే చివరి రోజు సాయంత్రం పది, పదకొండో నంబర్ ఆటగాళ్లు, అంటే బ్యాటింగ్ రాని బౌలర్లు, ఒక్క పరుగూ తీయకుండా గంటసేపు అడ్డుకుంటూ ఉంటే మేం ఊపిరి బిగబట్టి చూస్తాం. స్కోరు కదలదు, టెన్షన్ మాత్రం పెరుగుతూ పోతుంది.

2001 కోల్‌కతా టెస్టు హైలైట్స్ చూడండి. ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. వాళ్లు 445, మనవాళ్లు 171. తేడా 200 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ముందున్న జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్ చేయమనొచ్చు, అదే ఫాలోఆన్, చేయమన్నారు. ఆ స్థితిలో లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, ఇద్దరి భాగస్వామ్యం 376. నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. బేస్‌బాల్ భాషలో చెప్పాలంటే రోజంతా ఆడితే ఒక్క అవుట్ కూడా రాలేదు, ఊహించుకోండి. చివరి రోజు ఆస్ట్రేలియా గెలవక్కర్లేదు, నిలబడితే చాలు డ్రా. టీ విరామానికి మూడే వికెట్లు పోయాయి, డ్రానే అనుకున్నారు. టీ తర్వాత మిగిలిన ఏడూ పోయాయి, 212 ఆలౌట్, హర్భజన్‌కి రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 13 వికెట్లు. డ్రా అనే అవకాశమే లేకపోతే ఆ సాయంత్రానికి అంత ఉత్కంఠ ఎక్కడి నుంచి వస్తుంది?

స్కోరు పుస్తకం:

చిన్న ముక్క. బాక్స్ స్కోర్ (బేస్‌బాల్ స్కోరు పట్టిక) ఇష్టపడేవాళ్లయితే క్రికెట్ స్కోర్‌కార్డు చదవడం రెండు రోజుల పని. ఆ బాక్స్ స్కోర్‌కి రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ పుట్టింది ఇంగ్లండ్‌లో, బేస్‌బాల్ రాయకముందు క్రికెట్ రాసేవాడు. బౌలర్ పేరు పక్కన 4-0-25-2 అని కనిపిస్తే వరసగా ఓవర్లు, మెయిడెన్లు (పరుగివ్వని ఓవర్లు), ఇచ్చిన పరుగులు, వికెట్లు. ఇంకో తేడా, మీ పిచర్ ఒకసారి దిగిపోతే మళ్లీ రాడు. ఇక్కడ బౌలర్ రెండు ఓవర్లు వేసి, బౌండరీ దగ్గర తిరిగి, చివర్లో మళ్లీ రావొచ్చు. టీ20లో ఒకరికి నాలుగు ఓవర్లే కాబట్టి వాటిని కెప్టెన్ ఎక్కడెక్కడ ఖర్చు పెడుతున్నాడో గమనించండి, కెప్టెన్ల బుర్ర అక్కడే తెలుస్తుంది.

తొమ్మిదో ఇన్నింగ్స్:

కోల్‌కతా హైలైట్స్ ఈ వారాంతమే చూస్తా. ఆఖరిది ఒకటి, ఎల్బీడబ్ల్యూ. కాలికి తగిలితే అవుట్, స్టంపులకి తగిలేదే అయితే అవుట్, అక్కడిదాకా ఓకే. నిన్న రీప్లేలో బంతి స్టంపులకి తగులుతోందని క్లియర్‌గా చూపించి, లెగ్ స్టంప్ బయట పడిందని నాటౌట్ ఇచ్చారు. ఇదేం న్యాయం?

పాత బంతి:

అలా ఇవ్వకపోతే బ్యాటింగే అసాధ్యం. బ్యాటర్ పక్కకి తిరిగి నిలబడతాడు కదా, లెగ్ స్టంప్ బయట నేల తాకి లోపలికి వచ్చే బంతి అతని కాళ్ల వెనక నుంచి, చూపు సరిగ్గా ఆనని వైపు నుంచి వస్తుంది. దానికి కూడా ఎల్బీ ఇస్తే ప్రతి స్పిన్నరూ రోజంతా అక్కడే వేసి, అటువైపు ఐదుగురు ఫీల్డర్లని పెట్టుకుని కూర్చుంటాడు. ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి వచ్చేదానికి ఆ మినహాయింపు లేదు. కాకపోతే ఆ వైపు కాలికి స్టంపుల గీతకి బయట తగిలిందా, అప్పుడు బ్యాటర్ నిజంగా షాట్ ఆడబోయాడా లేదా అన్నది చూస్తారు. ఆడబోతే నాటౌట్, బ్యాట్ దాచుకుని కాలు అడ్డం పెడితే మాత్రం అవుట్ ఇవ్వొచ్చు. రీప్లేలో మూడు పెట్టెలు వస్తాయి: ఎక్కడ పడింది, ఎక్కడ తగిలింది, స్టంపులకి పోతోందా. పై నుంచి ఆ వరసలోనే చదవండి, మొదటిదాంట్లో లెగ్ స్టంప్ బయట అని వచ్చిందంటే మిగతా రెండూ చూడక్కర్లేదు.