నీళ్లలో నానిన పాత చెక్కకు పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్, చెక్కలో నీటి స్థానంలో నింపే రసాయనం) ఎంత శాతంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: చెరువు పూడికలో దొరికిన చెక్క, మందం 4 సెం.మీ. సూది గుచ్చితే పైన 1 సెం.మీ. వెన్నలా దిగుతోంది, లోపల గట్టిగా తగులుతోంది. ఇనుప మేకుల తుప్పు మరకలున్నాయి. నేరుగా 40 శాతం పీఈజీ 4000లో వేయొచ్చా?

జవాబు 1: వద్దండీ. చెక్కలోని నీరు బయటికి లాగేసినంత వేగంగా పీఈజీ 4000లోని పెద్ద అణువులు లోపలికి వెళ్లలేవు. కణాల గోడలు కుంగి చెక్క ముడుచుకుపోతుంది, మళ్లీ సరికాదు. ముందు చిన్న అణువులుండే పీఈజీ 400ను 5 శాతంతో మొదలుపెట్టి 10కి తీసుకెళ్లండి; గట్టి భాగంలోకి దూరేది అదే. ఆ తర్వాత పీఈజీ 4000ను ఐదేసి శాతం చొప్పున 30 వరకు పెంచండి, మెత్తబడిన పై పొరకు బలం దానిదే. ప్రతి మెట్టులో రిఫ్రాక్టోమీటర్ (ద్రావణం గాఢత కొలిచే పరికరం) రీడింగ్ తగ్గడం ఆగాకే తర్వాతి మోతాదు. తొందరపడితే చెక్క పోతుంది. చివర ఫ్రీజ్ డ్రయ్యింగ్ (గడ్డకట్టించి, ఆ మంచును నేరుగా ఆవిరిగా తీసేయడం). పీఈజీ 400 ఎక్కువైతే సరిగ్గా గడ్డకట్టదు, ఆరాక కూడా జిడ్డుగా ఉంటుంది.

జవాబు 2: తుప్పు సంగతి పీఈజీ కంటే ముందే తేల్చండి. తుప్పును కరిగించి లాగే ట్రైఅమ్మోనియం సిట్రేట్ లవణం 2 శాతం ద్రావణంలో నానబెట్టి, ద్రావణం పసుపెక్కినప్పుడల్లా మార్చి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి. స్వీడన్‌లో 1961లో సముద్రం నుంచి పైకి తీసిన వాసా అనే పాత యుద్ధనౌకకు 1962 నుంచి 1979 దాకా పీఈజీ చల్లారు. అయినా 2000లో చెక్కపై ఆమ్ల లవణాలు తెల్లగా, పసుపుగా పొంగాయి: లోపలి గంధకం ఆక్సీకరణకు ఇనుము తోడైంది.

ప్రశ్న వేసినవారు: ఆరాక ఎక్కడ ఉంచాలి?

జవాబు 1: గాలిలో తేమ 50–55 శాతం, నిలకడగా. తేమ బాగా పెరిగితే పీఈజీ చెమటలా పైకి వస్తుంది.