25 రాళ్ళా, 26 రాళ్ళా? వాడిన స్విస్ వాచీని నమ్మడం ఎలా?

రాయగడ_రామం:
సభ్యులందరికీ నమస్కారం. ఒక వ్యక్తి దగ్గర ఆన్‌లైన్‌లో వాడిన టాగ్ హ్యూయర్ ఆక్వారేసర్ వాచీని 82,000 రూపాయలకు కొన్నాను. పెట్టె ఉంది, 2017 నాటి వారంటీ కార్డు ఉంది, కార్డు మీది సీరియల్ అంకె వెనక మూత మీది అంకెతో సరిపోయింది. చేతికందిన ఏడు రోజుల్లోగా వాపసు తీసుకుంటానని అమ్మినాయన రాసి ఇచ్చారు. ఈరోజు అయిదో రోజు. మా బజారులోని మెకానిక్ చేత మూత తీయించి చూస్తే లోపల "26 జువెల్స్" అని ఉంది, అంటే ఇరుసులు అరగకుండా యంత్రంలో అమర్చే రాళ్ళు 26 అన్నమాట. ఇందులో ఉండే క్యాలిబర్ 5 అనే యంత్రానికి 25 రాళ్ళే ఉండాలనీ, ఇది నకిలీయేననీ మా మేనల్లుడు తేల్చేశాడు. వాపసు పంపమంటారా? అసలు ఇలా మూత తీయించి చూడటం సరైన పద్ధతేనా?

బరంపురం_గడియారప్రియుడు:
రామం గారూ, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: సరైన పద్ధతి కాదు. అది 300 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి తట్టుకునేలా మూసిన వాచీ. ఒకసారి మూత తీశాక కొత్త గాస్కెట్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) వేసి, ఒత్తిడి పరీక్ష చేసే యంత్రంలో పెట్టి చూస్తే తప్ప ఆ హామీకి విలువ ఉండదు. ఆ యంత్రం మన బజార్లలో ఎన్ని దుకాణాల్లో ఉందో మీకూ తెలుసు. పదేళ్ళ క్రితం నా వాచీ మూతను ఒక మెకానిక్ సరైన తాళం లేకుండా తిప్పబోతే, పనిముట్టు జారి అక్షరాల మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి గీత పడింది. ఆయన దాని మీద నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి, "ఏమీ కాలేదు" అన్నారు. ఆ గీత ఇప్పటికీ ఉంది. కార్డు, పెట్టె, సీరియల్ సరిపోయాక కూడా అనుమానం ఉంటే, అది తీర్చవలసింది అధీకృత సర్వీసు కేంద్రమే.

నాగావళి_ఒడ్డు:
300 మీటర్ల లోతు మన నాగావళిలో ఎక్కడుందో చెబితే, నేనూ వాచీ కట్టుకుని దూకుతాను.

పర్లాకిమిడి_కీమర:
మేనల్లుడి లెక్కలో సగమే నిజం. క్యాలిబర్ 5 అన్నది ఒకే యంత్రానికి పెట్టిన పేరు కాదు. వాచీ యంత్రాలు చేసే స్విస్ కంపెనీలైన ఈటీఏ వారి 2824-2నూ, సెల్లిటా వారి ఎస్‌డబ్ల్యూ 200-1నూ తీసుకుని టాగ్ హ్యూయర్ రెండింటికీ ఆ పేరే వాడింది. మొదటిదానికి 25 రాళ్ళు, రెండోదానికి 26. ఈటీఏ స్వాచ్ గ్రూపుది, టాగ్ హ్యూయర్ 1999 నుంచి దానికి పోటీ అయిన ఫ్రెంచి కంపెనీ ఎల్వీఎంహెచ్ వారిది. బయటి కంపెనీలకు యంత్రాల సరఫరా తగ్గిస్తామని స్వాచ్ గ్రూపు 2002లో ప్రకటించింది. అప్పటివరకు ఈటీఏ యంత్రాలను బిగించి ఇచ్చే పని చేసిన సెల్లిటా, పేటెంట్ గడువు తీరిన ఆ నమూనా మీదనే సొంత యంత్రం చేసుకుంది. కాబట్టి 26 కనబడినంత మాత్రాన ఎవరూ కంగారుపడనక్కరలేదు.

25 కనబడితే నిశ్చింతగా ఉండవచ్చునా అంటే, అదీ లేదు. 2824కు చైనాలో నకళ్ళు బాహాటంగానే తయారవుతాయి, వాటి మీద కావలసిన అంకె చెక్కించుకోవడానికి నకిలీవాడికి ఖర్చేమీ కాదు. వాచీ నడక వేగం కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టినా గంటకు 28,800 కొట్టుళ్ళే చూపిస్తుంది, ఎందుకంటే నకలు కూడా అదే వేగంతో నడుస్తుంది. ఆ పరికరం చెప్పేది వాచీ ఆరోగ్యమే గాని పుట్టుక కాదు. పుట్టుక తెలియాలంటే కంటి అద్దం పెట్టి స్క్రూ తలల గాడి చూడాలి, చేయి కదిలినప్పుడు తిరుగుతూ వాచీకి కీ ఇచ్చే రోటార్ మీది అక్షరాల అంచులు చూడాలి. మంచి పనిలో అక్షరం అంచు కత్తితో కోసినట్టు నిలుస్తుంది, నకిలీలో కారిన లక్కలా మెత్తబడి ఉంటుంది. మూత తీయకుండా ఇవన్నీ చూడటం ఎవరి తరం?

రాయగడ_రామం:
కీమర గారూ, ధన్యవాదాలు. మెకానిక్ నాకూ కంటి అద్దం ఇచ్చి చూపించారు. రోటార్ మీది అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి, స్క్రూల తలల మీద పాత గీతలు మాత్రం లేవు. కొత్త గాస్కెట్ నిన్ననే వేయించాను. మరొక చిన్న సందేహం: కార్డు మీద మొదట కొన్నవారి పేరు, తేదీ పెన్నుతో రాసి ఉన్నాయి. వాటిని చెరిపితే కార్డు చెల్లకుండా పోతుందా?

జయపురం_వకీలు:
న్యాయపరంగా ఒక మాట చెబుతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. అయితే అమ్మినవారు వ్యాపారి కాక, చేతి వాచీ ఒకటి అమ్ముకున్న మామూలు మనిషైతే ఆ దారి కష్టమవుతుంది. కనుక వాపసు గడువు దాటనివ్వకండి.

బరంపురం_గడియారప్రియుడు:
కీమర గారు రాళ్ళ సంగతి బాగానే చెప్పారు, కాదనను. కాని ఆయన వాదం ప్రకారం ప్రతి వాచీనీ బజారు బల్ల మీద విప్పదీయాలి. విప్పిన వాచీలో వెనక్కి అదే సామాను వస్తుందన్న నమ్మకం ఏమిటి? మంచి యంత్రం తీసుకుని నాసిరకం పెట్టి పంపిన కథలు నేను ఎన్నో విన్నాను. కాగితం అలా మారిపోదు.

పర్లాకిమిడి_కీమర:
విన్న కథలు చెప్పకండి, చూసినవి చెప్పండి. మా నాన్నగారు పర్లాకిమిడిలో 40 ఏళ్ళు అదే బల్ల దగ్గర కూర్చున్నారు. పనికి వచ్చిన ప్రతి వాచీలోని యంత్రం అంకెను, యజమాని ఎదుటే, నోటు పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకునేవారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. ఇక మీ కాగితం సంగతి: ఖాళీ వారంటీ కార్డులు ముద్రించడం నకిలీవాడికి వాచీ చేయడం కంటే తేలిక. ఒకే అసలు సీరియల్ అంకెను వందల నకిలీల మీద చెక్కి, ప్రతిదానికీ ఆ అంకె ఉన్న కార్డు జత చేస్తారు. రామం గారి వాచీ "సరిపోయింది" అంటే దాని అర్థం అంతవరకే.

బరంపురం_గడియారప్రియుడు:
మీ నాన్నగారిని నేను ఒక్క మాటా అనలేదు. మీరే మీద వేసుకుంటున్నారు.

పర్లాకిమిడి_కీమర:
"బజారు బల్ల" అన్నది ఎవరిని? చాలా స్విస్ కంపెనీలు బయటి మెకానిక్‌లకు విడిభాగాలు అమ్మవు. దుకాణానికి వచ్చిన వాచీకి ఒక్క పంటి చక్రం కావలసివచ్చినా, చేతకాక కాదు, సామాను దొరక్క మా నాన్నగారు తిప్పి పంపవలసి వచ్చేది. పని వాళ్ళే చేయాలి, అసలుదని వాళ్ళే చెప్పాలి, డబ్బు వాళ్ళకే కట్టాలి. మీరు నమ్మమంటున్నది ఆ ఏర్పాటునే.

బరంపురం_గడియారప్రియుడు:
అవును, దాన్నే నమ్మమంటున్నాను. నాకు గీత పెట్టినాయన మళ్ళీ ఫోను ఎత్తలేదు. సర్వీసు కేంద్రమైతే కనీసం రాతపూర్వకంగా ఒక మాటకు కట్టుబడి ఉంటుంది.

కొరాపుట్_చలి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పాపం, ఆయన గడువు రెండు రోజులే ఉంది.

గుణుపురం_టీచరమ్మ:
మీ ఇద్దరి వాదన చదివాను, కాని రామం గారు మధ్యలో అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. వాచీ అసలుదో కాదో తెలుసుకోవాలనుకునే మనిషికి పాత యజమాని పేరు చెరపవలసిన అవసరం ఏమిటి? ఆ పేరు ఉండటం వాచీకి మంచిదే కదా. రామం గారూ, ఈ వాచీ ఎవరికోసం?

రాయగడ_రామం:
టీచరమ్మ గారు అడిగారు కనుక చెబుతున్నాను. మా కొత్త అల్లుడుగారికి. వచ్చే సంక్రాంతికి తొలిసారి మా ఇంటికి వస్తున్నారు. విదేశీ వాచీ పెడతామని పెళ్ళిలోనే మా ఆవిడ వియ్యపురాలితో అనేసింది. కొత్తది కొనే శక్తి నాకు లేదు. కాగితం మిల్లులో వచ్చిన పదవీ విరమణ సొమ్ములో చాలా భాగం పెళ్ళికే అయిపోయింది. వాడినదని వాళ్ళకు చెప్పలేదు. నకిలీ అని అక్కడ ఎవరైనా తేలిస్తే మా అమ్మాయి ముఖం ఎలా చూడాలన్నదే నా భయం.

పర్లాకిమిడి_కీమర:
అలాగైతే నా అభిప్రాయం వినండి. వాచీ మంచిదే అనిపిస్తోంది. పాలిష్ చేయించి, మంచి పెట్టెలో పెట్టి ఇవ్వండి, కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. అడగని మాట చెప్పనక్కరలేదు.

బరంపురం_గడియారప్రియుడు:
దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. కార్డు మీది పేరుతో సహా ఇచ్చి, వాడినదని చెప్పి ఇవ్వండి. ఇన్ని సందేశాలుగా కార్డుకు విలువ లేదని వాదించిన కీమర గారు ఇప్పుడు దాన్ని దాచమంటున్నారంటే, దానికి ఏదో విలువ ఉన్నట్టే కదా. పైగా పాలిష్ చేయిస్తే అంచులు గుండ్రబడి, నిజంగా చూడటం వచ్చిన వాడికి మరింత అనుమానం వస్తుంది.

పర్లాకిమిడి_కీమర:
పాలిష్ విషయంలో మీ మాట నిజమే. చెప్పడం విషయంలో కాదు. ఆడపిల్ల తండ్రి బాధ మీకు తెలియదు.

బరంపురం_గడియారప్రియుడు:
నాకు ఇద్దరు ఆడపిల్లలు.

గుణుపురం_టీచరమ్మ:
అమ్మాయికైనా ముందు చెప్పండి, రామం గారూ. మిగతాది ఆవిడే చూసుకుంటుంది.

రాయగడ_రామం:
నిన్న రాత్రి అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ అలా అని ఉండకూడదు నాన్నా" అంది. అల్లుడుగారికి తానే చెబుతానంది, చెప్పిందట కూడా. పొద్దున్న ఆయనే ఫోను చేసి, మూత తీసినప్పుడు ఫొటోలు తీశారా మావయ్యగారూ అని అడిగారు. పంపాను. అమ్మినాయన మరో రెండు వారాలు గడువు పొడిగిస్తానని రాసి ఇచ్చారు కనుక, వాచీని హైదరాబాదులోని సర్వీసు కేంద్రానికి మా మేనల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను. కార్డు మీది పేరు అలాగే ఉంచాను.

బరంపురం_గడియారప్రియుడు:
సంతోషం. పంపే ముందు కొత్త గాస్కెట్ వేయించడం మరిచిపోకండి.

పర్లాకిమిడి_కీమర:
గాస్కెట్ వేయించానని ఆయన రెండో సందేశంలోనే రాశారు. దయచేసి చదివి రాయండి.