అన్యభాషలు రాని విశ్వాసి సంఘపెద్ద కాకూడదా?

గుణుపూర్ విశ్వాసి:
అందరికీ వందనాలు. మా సంఘంలో పెద్దల ఎన్నిక దగ్గరపడింది. అన్యభాషల్లో, అంటే ఆత్మ ప్రేరణతో తాము నేర్చుకోని భాషల్లో, ప్రార్థించని వాళ్ల పేరు ఎత్తకూడదని కొందరు పట్టుబడుతున్నారు. మా దగ్గర ఒక బ్రదర్ ఉన్నారు. పాస్టరుగారు తెలుగులో వాక్యం చెబుతుంటే వెంటవెంటనే ఒడియాలోకి, కొండ ఊళ్ల వాళ్ల కోసం సవరలోకి చెబుతారు. ఆయనకు ఆ అన్యభాషల వరం లేదు. ఆయన్ని పక్కన పెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

పర్లాకిమిడి సోదరుడు:
అన్నా, అపొస్తలుల కార్యములు 2, 10, 19 అధ్యాయాలు చూడండి. ఆత్మ దిగినప్పుడు భాషలతో మాట్లాడారు. మందను నడిపేవాడికి ఆ అనుభవం వద్దా? మూడు భాషలు సంతలో తిరిగినా వస్తాయి. పౌలు చెప్పిన, అన్యభాషలకు అర్థం చెప్పే వరం అది కాదు.

గుణుపూర్ విశ్వాసి:
తమ్ముడూ, అదే ఆ వరమని నేననను. కానీ అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని 1 కొరింథీ 12:30లో పౌలు అడిగిందే, కాదనిపించడానికి. పెద్దకు ఉండాల్సిన గుణాలు 1 తిమోతి 3లో ఉన్నాయి: నిందారహితుడు, అతిథిప్రియుడు, బోధించగలవాడు, ధనాపేక్ష లేనివాడు. అన్యభాషల ఊసే లేదు. లేని షరతు మనమెలా పెడతాం? పోయిన ఆదివారం కూడిక అయ్యాక కొండ ఊరి అవ్వ ఒకామె ఆయన చెయ్యి వదలకుండా, ఆనాటి వాక్యంలో ఒక మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. సంఘంలో భాషతో పదివేల మాటలకంటే అర్థమయ్యే అయిదు మాటలు మేలని పౌలు అన్నది ఇలాంటివాళ్ల కోసమే.

రాయగడ నర్సక్క:
1 కొరింథీ 12:28లో భాషలతో పాటు ఉపకారాలు చేసేవాళ్లూ ఉన్నారు, ఆ మాట మనం చదివి దాటేస్తాం. మా జిల్లా బిస్సంకటక్‌లో 1954లో క్రైస్తవ ఆసుపత్రి మొదలుపెట్టింది డెన్మార్క్ డాక్టరమ్మ మాడ్సెన్. రాత్రిళ్లు రోగి పక్కన మేలుకునే వాళ్లది కూడా ఆత్మ ఇచ్చిన పరిచర్యే. స్వస్థత కూటాల వేదికెక్కిన వాళ్లకే వరం ఉందనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పర్లాకిమిడి సోదరుడు:
తిమోతి మాట ఒప్పుకుంటాను, అన్నా. నా భయం వేరు. మాకు తెలిసిన సంఘంలో ఆ అనుభవం లేని పెద్దలు వచ్చి, భాషలతో ప్రార్థించే ఆడవాళ్లను కూడికలో నోరెత్తనివ్వలేదు. భాషలను ఆటంకపరచవద్దని 1 కొరింథీ 14:39లో ఉంది కదా.

గుణుపూర్ విశ్వాసి:
ఆ భయం సబబే. 14:27 ప్రకారం ఇద్దరో ముగ్గురో, ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవాళ్లు ఉంటేనే. ఈ క్రమం రాసి పెద్దల ముందు పెడతాను. బ్రదర్ పేరు కూడా నేనే ప్రతిపాదిస్తున్నాను.