కంటి ప్రెషర్ బాగానే ఉన్నా నీటికాసులు ముదురుతున్నాయి: రాత్రి బీపీ మాత్ర కారణమా?

సందేహం: మేము మల్కాజ్‌గిరిలో ఉంటాము. మా నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగేళ్లుగా నీటికాసులకు (కంటి నరం దెబ్బతినే గ్లాకోమాకు) చుక్కలమందు వేసుకుంటున్నారు. కంటి ప్రెషర్ ఎప్పుడు చూసినా 15 దాటడం లేదు, కానీ ఈసారి ఫీల్డ్ టెస్టు (చూపు చుట్టూ ఎంతమేర ఉందో చూసే పరీక్ష) కాగితంలో, చూపు లేని చోటును చూపే నల్లమచ్చ పెద్దదైంది. మొన్న మెట్లు దిగుతూ చివరి మెట్టు కనిపించక తూలిపోయారు. బీపీ మాత్రలు రెండు పూటలా వాడతారు, రెండోది పడుకునే ముందు. ఆ మాత్రకూ కంటికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉండవచ్చునమ్మా. చాలా ఏళ్లుగా ఫీల్డ్ టెస్టులు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. కంటి నరానికి రక్తం అందాలంటే బీపీ, కంటి లోపలి ప్రెషర్‌ను నెగ్గుకుని రావాలి. నల్లా నీళ్ల ఒత్తిడి తగ్గిన రోజున ముందుగా ఆగిపోయేది పై అంతస్తు కుళాయే కదా, కంటి నరం పరిస్థితీ అటువంటిదే. ఉదాహరణకు పగలు బీపీ కింది అంకె 80, కంటి ప్రెషర్ 15 అయితే తేడా 65. నిద్రలో బీపీ సహజంగానే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది, పడుకున్నప్పుడు కంటి ప్రెషర్ కొంత పెరుగుతుంది. దానికి రాత్రి మాత్ర ప్రభావం కూడా తోడై కింది అంకె 55కు దిగి, కంటి ప్రెషర్ 19కి చేరితే మిగిలేది 36 మాత్రమే. ఈ తేడా బాగా తక్కువగా ఉన్నవారిలో నీటికాసులు ఎక్కువగా కనిపించాయని 1995లో వెలువడిన అమెరికాలోని బాల్టిమోర్ కంటి సర్వే ఫలితాలు చెప్పాయి. క్లినిక్‌లో పగలు కూర్చోబెట్టి చూసే ప్రెషర్‌లో ఇదేదీ బయటపడదు.

సందేహం: అయితే రాత్రి మాత్ర ఆపేయమంటారా?

జవాబు: దయచేసి ఆపకండి. బీపీ అదుపు తప్పితే పక్షవాతం, గుండెపోటు ముప్పు ఉంటుంది, కంటి రక్తనాళాలూ దెబ్బతింటాయి. ఆ మాత్రను ఉదయానికి మార్చవచ్చా అన్నది, 24 గంటల బీపీ మానిటర్ పెట్టి చూసి, ఫిజీషియన్ గారే నిర్ణయించాలి. చుక్కలమందు మాత్రం ఒక్క పూట కూడా మానవద్దు. కంటి ప్రెషర్ మామూలుగా ఉన్న నీటికాసుల్లోనూ దాన్ని 30 శాతం తగ్గిస్తే జబ్బు నెమ్మదిస్తుందని 1998లోనే తేలింది. అయితే రాత్రి వేసేది టిమోలాల్ అనే చుక్కలమందు అయితే ఆ సంగతి కంటి డాక్టరు గారికి గుర్తుచేయండి, ఎందుకంటే అది కంటి నుంచి రక్తంలో కలిసి బీపీని తగ్గించగలదు, పైగా రాత్రివేళ కంటి ప్రెషర్ మీద దాని ప్రభావం తక్కువ. నాన్నగారు గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతుంటే అది కూడా చెప్పండి. పాత ఫీల్డ్ టెస్టు కాగితాలన్నీ, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంటారో రాసిన చీటీ ఇద్దరు డాక్టర్లకూ చూపించండి.