జనరల్ ష్నైడర్ హత్య: తుపాకుల సాక్ష్యమున్న కోర్టు తీర్పు ఎక్కడ దొరుకుతుంది?

1970 అక్టోబర్ 22 ఉదయం 8 గంటల ప్రాంతంలో శాంటియాగోలో చిలీ సైన్యాధిపతి రెనే ష్నైడర్ కారును అడ్డగించారు. ఆయన్ను అపహరించి, ఎన్నికల్లో ముందు నిలిచిన సోషలిస్టు నేత సాల్వడార్ అయెండేను చిలీ పార్లమెంటు (కాంగ్రెస్) దేశాధ్యక్షుడిగా ఎన్నుకోకుండా ఆపాలన్నది పథకం. ష్నైడర్ పిస్టల్ తీయబోతే కాల్చారు, 25న చనిపోయారు. అంతకుముందు 19న, 20న చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి.

నాకు తేలనిది ఆయుధాల సంగతి. గూఢచార సంస్థలపై విచారించిన అమెరికా సెనేట్ చర్చ్ కమిటీ 1975 నివేదిక ప్రకారం, 22 తెల్లవారుజామున 2 గంటలకు సీఐఏ మూడు సబ్‌మెషిన్ గన్‌లు ఇచ్చింది. కానీ అవి వెళ్లింది కుట్రలో ఉన్న శాంటియాగో సైనిక దళాధిపతి జనరల్ వాలెన్సువేలా వర్గానికి. కాల్చింది మరో కుట్రదారు, రిటైర్డ్ జనరల్ వియో వర్గం. ష్నైడర్ చేతితుపాకుల గుళ్లకే చనిపోయారని చిలీ సైనిక న్యాయస్థానం తేల్చింది. అక్కడ గుళ్లు లేని మెషిన్ గన్ ఒకటి కూడా ఉందని నివేదిక చెబుతుంది. అది ఆ మూడింట్లో ఒకటేనా? కమిటీ కూడా తేల్చలేకపోయింది. రాజ్యాంగానికి కట్టుబడిన సైనికుడి చావు విషయంలో ఇంత ముఖ్యమైన ముడి ఇలా మిగలకూడదు.

చర్చ్ నివేదిక, తర్వాత బయటపెట్టిన సీఐఏ కేబుళ్లు చదివాను. నాకు దొరికిన స్పానిష్ పత్రికల్లో శిక్షల వివరాలే ఉన్నాయి. నిందితుల పేర్లతో లైబ్రరీ కేటలాగుల్లో వెతికినా తీర్పు పూర్తి పాఠం కనబడలేదు.

ఆ సైనిక న్యాయస్థానం తీర్పులో ఆయుధాల పరీక్ష ఉన్న భాగం ఏ ఆర్కైవ్‌లో, ఏ ఫైలు పేరుతో అడిగితే దొరుకుతుంది?